చట్టమునకు ముందు చదువు: మాడపాటి హనుమంతరావు పంతులుగారి ప్రజాసేవ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. గ్రంథాలయమును ప్రారంభించుటకు ఒకనాటి ఉత్సాహము చాలును. ప్రతి సాయంకాలము తాళము తీసి, పత్రికలు పరచి, చదువరికై ఎదురుచూచుటకు మాత్రము ఓర్పు కావలయును. అట్టి ఓర్పునే జీవిత మార్గముగా చేసికొని, భాషా నిలయములలో సేవతో ప్రారంభించి శాసనమండలి అధ్యక్షపీఠము వరకు నడచిన ఒక పెద్దను ఈ రజతోత్సవ వేళ స్మరించుట ఉచితము. ఆయన ఆంధ్రపితామహ మాడపాటి హనుమంతరావు పంతులుగారు.

హైదరాబాదు నగరమున హిమాయత్‌నగరు, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగరు ఒకదానిని ఆనుకొని యొకటి యున్న పేటలు. హిమాయత్‌నగరునకు ఆ పేరు కడపటి నిజాము జ్యేష్ఠకుమారుడైన హిమాయత్ అలీఖానును బట్టి వచ్చినది. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము కలదు. జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు ఉద్యోగ పరీక్షలకై అచ్చట ప్రొద్దుటి నుండి రాత్రి వరకు చదువుచుందురు. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి పేరు మీద బాలికోన్నత పాఠశాల కలదు. ఒకటి ప్రభుత్వ ధనముతో నడచు గ్రంథాలయము. రెండవది ప్రజల చందాలతో వెలసిన పాఠశాల. ఈ రెంటి నడుమ దూరము కాలినడకన కొలది నిమిషములే. కాని చందాలతో నడచిన చదువు ప్రజల హక్కుగా మారి చట్టములోని కెక్కుటకు దాదాపు అరువది యేండ్లు పట్టినది. ఆ అరువది యేండ్ల చరిత్రలో హనుమంతరావుగారి జీవితము చాల భాగము కలిసిపోయి యున్నది.

శాసనసభ్యుని ప్రజాసేవ అనగానే మనకు తోచునవి రోడ్డు, మంచినీటి కుళాయి, ఆసుపత్రి, సిఫారసు ఉత్తరము. ఇవి అక్కరలేనివి కావు. అయితే చట్టము చేయువాని అసలు పని చట్టమే. ఆ చట్టము ఎవరికొరకు చేయబడినదో వారికి అది అర్థము కాకపోయిన యెడల, అది కాగితముపై నుండి పల్లెలోనికి దిగదు. హనుమంతరావుగారి విధానమంతయు ఈ ఒక్క విషయము మీద నిలిచినది. ప్రజల భాషలో చదువు, ప్రజల భాషలో పుస్తకము, ప్రజల భాషలో ప్రభుత్వపు ఉత్తరువు ఉండవలెననునదే ఆయన పట్టుదల. ఆయన శాసనమండలిలో ప్రవేశించునాటికి డెబ్బది మూడేండ్ల వయస్సు. అప్పటికే ఆయన చేయవలసిన పనిలో అధిక భాగము చేసియుండిరి.

ఆయన 1885 జనవరి 22వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. తండ్రి చిన్ననాడే గతించుటచే మేనమామగారి పోషణలో, నిజాము రాజ్యములోని సూర్యాపేటలో పెరిగిరి. ఆ కాలమున ఆ ప్రాంతమున బడి యనగా ఉర్దూ బడియే. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, కచ్చేరిలో ఉర్దూ పారశీకములు, ఇట్లు ఆయన బాల్యము గడచెను. ఈ భేదము ఆయనను ఉర్దూకు విరోధిగా చేయలేదు. ఆయన ఉర్దూలో మంచి పండితులు. ఉర్దూ పత్రికలకు వ్యాసములు వ్రాసినవారు. ఒక భాష మీది ప్రేమకు మరియొక భాష మీది ద్వేషము అవసరము లేదని ఆయన జీవితము చూపుచున్నది. ఆయన కోరినది ఒక్కటే: ఉర్దూ రానివాడు తన ఊరిలోనే పరదేశి కాకూడదు.

చదువు ముగిసిన పిమ్మట హనుమకొండలో విద్యాశాఖ కార్యాలయమున చిరుద్యోగిగా చేరిరి. అప్పటికి తెలంగాణమున గ్రంథాలయోద్యమము మొలకెత్తుచుండెను. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు మొదలగువారి పూనికతో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును ఏర్పడెను. ఈ నిలయములకు ప్రభుత్వపు ధనము లేదు, భవనములు లేవు. ఉన్నవి సభ్యుల చందాలు, కొన్ని పుస్తకములు, వానిని ఇంటింటికి తిప్పు కొందరు యువకులు. హనుమంతరావుగారు హనుమకొండలో ఆ పని నేర్చి, పిమ్మట హైదరాబాదు చేరి కృష్ణదేవరాయ నిలయమునకు కార్యదర్శియై సేవించిరి. ఉద్యోగము విడిచి 1917 నుండి న్యాయవాదిగా స్వతంత్ర జీవనము ప్రారంభించిరి. ఈ నడుమ కథలును వ్రాసిరి. వాని సంపుటి మల్లికాగుచ్ఛము. తెలంగాణమున ఆధునిక కథ వ్రాసిన తొలివారిలో ఆయన యొకరు.

ఇక 1921వ సంవత్సరము వచ్చెను. ఆ నవంబరు మాసమున హైదరాబాదు వివేకవర్ధని ఆవరణమున సంఘసంస్కార సభ జరిగెను. అధ్యక్షులు మహారాష్ట్ర దేశమున స్త్రీవిద్యకు ప్రాణము పోసిన మహర్షి ధోండో కేశవ కర్వే. సభలో ఆంగ్లమునను, ఉర్దూలోను, మరాఠీలోను ఉపన్యాసములు నడచెను. ఆలంపల్లి వెంకటరామారావు అను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ మొదలిడగానే సభ గోలచేసి ఆయనను సాగనీయలేదు. నిజాము రాజ్యమున దాదాపు సగము మంది తెలుగువారు. వారి భాషకు వారి రాజధానిలో, అదియు సంస్కారము కొరకు కూడిన సభలో దక్కిన గౌరవము అది.

అవమానము పొందినవారు చేయగల పనులు పెక్కు కలవు. తిరిగి గోల చేయవచ్చును, మరునాడు మరచిపోవచ్చును. ఆనాటి తెలుగువారు ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట సమావేశమై ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. కూడినవారు పట్టుమని పన్నెండుగురు. పిమ్మట అది నిజాము రాష్ట్రాంధ్ర జనసంఘముగా పెరిగెను. దాని కార్యభారమును ప్రధానముగా మోసినవారు హనుమంతరావుగారు. ఊరూర ఇట్టి సంఘములు పుట్టగా, వానిని కలుపు కేంద్ర సంఘము 1923లో హనుమకొండ సభతో నడక ప్రారంభించెను. గ్రంథాలయములు, పఠనాలయములు, పాఠశాలలు స్థాపించుట, తాళపత్రములను, శాసనములను సేకరించుట, చిన్న పుస్తకములను ప్రచురించుట దాని కార్యక్రమము. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ప్రకటించిన తెలంగాణా శాసనములు ఈ వృక్షపు ఫలమే.

ఆ చిన్న పుస్తకములను గూర్చి కొంచెము వివరముగ చెప్పవలయును. కేంద్ర సంఘము వెలువరించిన వానిలో వెట్టిచాకిరిని గూర్చి యొకటి, వర్తక స్వాతంత్ర్యమును గూర్చి యొకటి, వృత్తిపనివారిపై పడు మొహతర్ఫా పన్నును గూర్చి యొకటి కలవు. అధికారి పల్లెకు వచ్చిన యెడల సామాను మోయువాడు, నీరు తోడువాడు, కట్టెలు కొట్టువాడు, సరకు లిచ్చు కోమటి, అందరును కూలి లేక, వెల లేక సేవింపవలసిన రోజులవి. ఇందులో విచిత్రమేమనగా, ఈ దౌర్జన్యములను నిషేధించు ప్రభుత్వపు ఉత్తరువులు లేకపోలేదు. అవి ఉర్దూలో అచ్చయి కచ్చేరి బీరువాలలో నుండెను. కావలికాని వానికి తాను కూలి అడుగవచ్చునని తెలియదు. తెలిసిన పటేలు చెప్పడు. సంఘము చేసినది ఆ ఉత్తరువులను సులభమైన తెలుగున అచ్చువేసి పల్లెలకు పంపుట. వినుటకు అల్పమైన పని. కాని చాకలివాడు, మాదిగవాడు, చిల్లర వర్తకుడు తన ప్రక్కన చట్టమొకటి యున్నదని తొలిసారి వినినది ఆ పుస్తకముల చదువు వలననే. చదువ నేర్చినవాడొకడు రచ్చబండ మీద పైకి చదివిన చాలును, పదిమంది విందురు. గ్రంథాలయము, పాఠశాల, హక్కు, ఈ మూడును వేరువేరు కావని ఆయన గ్రహించినది ఇచ్చటనే.

ఈ పని నిరాటంకముగా సాగినదని తలపరాదు. ప్రైవేటు పాఠశాల పెట్టుటకు అనుమతి కావలెను. గ్రంథాలయము మీదను అనుమానపు చూపే. బహిరంగ సభలకు ముందుగా అనుమతి పొందవలెనను గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ప్రజాజీవితమునకు సంకెల యయ్యెను. ఎన్నికైన శాసనసభ లేని రాజ్యమది. ప్రజల కోరికను చట్టముగా మార్చు మార్గము లేనందున, విజ్ఞప్తి, వార్తాపత్రిక, సభాతీర్మానము అను మూడు సాధనములే మిగిలెను. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగెను. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ సభకు అధ్యక్షులు హనుమంతరావుగారు. ఆ సందర్భముననే కూడిన మహిళా సభకు ఆయన సతీమణి మాణిక్యమ్మగారు అధ్యక్షత వహించిరి. శాసనసభ లేని చోట ఈ మహాసభయే ప్రజలకు శాసనసభ వంటిదయ్యెను. తీర్మానము ప్రతిపాదించుట, బలపరచుట, సవరణ తెచ్చుట, అధ్యక్షుని మాటకు లోబడుట, ఓడిన పక్షము లేచిపోక కూర్చుండుట, ఇవన్నియు తెలంగాణపు ప్రజలు తొలుత అభ్యసించినది ఆ పందిళ్ల క్రిందనే.

హనుమంతరావుగారు చేసిన పనులన్నిటిలో నారాయణగూడ బాలికల పాఠశాల ప్రత్యేకమైనది. 1928లో కొలదిమంది బాలికలతో ఆంధ్ర బాలికా పాఠశాలను నెలకొల్పిరి. తెలుగు ఆడపిల్లలకు తెలుగున ఉన్నతపాఠశాల చదువు చెప్పవలెనని సంకల్పము. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918 నుండి దేశభాషలో ఉన్నతవిద్య అను గొప్ప ప్రయోగమును చేయుచుండెను. కాని ఆ దేశభాష ఉర్దూ. తెలుగున బోధించు ఉన్నతపాఠశాలకు ఆ వ్యవస్థలో చోటు దొరకలేదు. గుర్తింపు లేనిదే పరీక్ష లేదు. పరీక్ష లేనిదే బాలికల చదువునకు విలువ లేదు. పాఠశాలను మూసివేయుటకు ఇంతకన్న కారణము అక్కరలేదు.

అప్పుడు ఆయన దృష్టి పూనా వైపు మరలెను. కర్వేగారు 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమున మాతృభాషయే బోధనభాష. రాజ్యము హద్దులు దాటి, ఆ విశ్వవిద్యాలయపు గుర్తింపుతో నారాయణగూడ బాలికలు పరీక్షలకు కూర్చుండిరి. 1921లో తెలుగునకు అవమానము జరిగిన సభకు అధ్యక్షత వహించినవారు ఈ కర్వేగారే. ఆ సభను మనస్సున నుంచుకొని ఆయన తలుపు తట్టకయుండుట సులభము. హనుమంతరావుగారు సభలోని గోలను, సభాధ్యక్షుని ఆదర్శమును వేరుచేసి చూచిరి. ఆడపిల్లల చదువు ముఖ్యమైనచోట పాత కోపమునకు తావీయలేదు. మరాఠీ విద్యావేత్త నాటిన చెట్టు నీడలో తెలుగు బాలికలు చదివికొనిరి. ప్రజాసేవకుడు నేర్వదగిన పాఠము ఇంతకన్న వేరొకటి కానరాదు.

నగర కొత్వాలుగా నుండిన రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారు మొదలగు పెద్దల అండ ఆ పాఠశాలకు లభించెను. చందాలకై పంతులుగారు తిరుగని వీథి లేదన్నచో అతిశయోక్తి కాదు. ఘోషా పాటించు కుటుంబముల నుండి పిల్లలను రప్పించుట, వారిని పంపుటకు తల్లులను ఒప్పించుట చందాల కన్నను కష్టమైన పని. ఒక బాలికను బడికి పంపుటకు ఒక ఇంటి మనస్సు మారవలెను. చట్టము ఆ పని చేయలేదు. చట్టము చేసినచోటను పొరుగింటి పిల్ల చదువును చూచియే ఈ యింటి మనస్సు మారును.

ఇన్ని మంచి మాటలు చెప్పుచు ఒక విమర్శను దాచుట న్యాయము కాదు. హనుమంతరావుగారు మితవాది. విజ్ఞప్తులతో జాగీర్దారు మారడని, తీర్మానములతో వెట్టి పోదని మహాసభలోని యువకులు వాదించిరి. 1944లో భువనగిరి సభ నాటికి ఆ భేదము ముదిరెను. రావి నారాయణరెడ్డిగారి నాయకత్వమున అతివాదులు మహాసభను చేపట్టగా మితవాదులు వేరుపడిరి. పిమ్మటి చరిత్ర యువకుల వాదమును కొంతవరకు నిజము చేసెను. వెట్టి కూలినది పుస్తకముల వలన కాదు. రైతు పోరాటము వలనను, 1948 సెప్టెంబరు 17న నిజాము పాలన ముగియుట వలనను, 1949లో జాగీర్ల రద్దు వలనను. ఈ మాట ఒప్పుకొనినంత మాత్రమున పంతులుగారి గౌరవము తగ్గదు. ఆయన పద్ధతికి ఒక హద్దు కలదు. పెత్తనము చేయువాడు వినుటకు సిద్ధముగా లేనప్పుడు విజ్ఞప్తి గోడకు చెప్పిన మాటయే యగును.

అయితే రెండవ వైపును చూడవలయును. ఆ పోరాటమున నిలిచిన యువకులలో పలువురు ఏ గ్రంథాలయములలో పత్రికలు చదివిరి? ఏ సభలలో మాటలాడ నేర్చిరి? రావి నారాయణరెడ్డిగారు సయితము 1941లో చిలుకూరు మహాసభకు అధ్యక్షులైనవారే. మితవాదులు దున్నిన చేనిలోనే అతివాదులు విత్తిరి. ఇద్దరిలో ఒకరిని మాత్రమే స్మరించు గ్రామము తన చరిత్రలో సగము మాత్రమే ఎరిగినదగును. ఈ ఉద్యమ చరిత్రను హనుమంతరావుగారే తెలంగాణా ఆంధ్రోద్యమము అను పేర రెండు భాగములుగా వ్రాసి యుంచిరి. అట్టి పుస్తకము ప్రతి పల్లె గ్రంథాలయమున నుండదగినది.

రాజ్యము మారెను. 1951లో ఆయన హైదరాబాదు నగరమునకు ఎన్నికైన తొలి మేయరై 1954 వరకు ఆ పదవిని నిర్వహించిరి. అప్పటికి అరువదియారేండ్ల వయస్సు. జీవితమంతయు ప్రభుత్వమునకు అర్జీలు వ్రాసిన చేయి ఇప్పుడు అర్జీల నందుకొనవలసి వచ్చెను. 1955లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదమిచ్చెను. 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటుతో సత్కరించెను. తెలుగు బడికి చోటులేని విద్యావ్యవస్థకు శిఖరమైన ఆ విశ్వవిద్యాలయమే తెలుగు బడిని నిలిపిన పెద్దకు పట్టము కట్టినది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 1958 జూలైలో రాష్ట్రమునకు శాసనమండలి ఏర్పడగా దాని తొలి అధ్యక్షులు హనుమంతరావుగారు. 1964 వరకు ఆయనయే ఆ పీఠమున నుండిరి. శాసనమండలి యననేమో కొందరికి తెలియకపోవచ్చును. శాసనసభ ప్రజలు నేరుగా ఎన్నుకొను సభ. మండలిలో మూడవవంతు సభ్యులను స్థానిక సంస్థలును, మూడవవంతును శాసనసభ్యులును, పండ్రెండవ వంతును పట్టభద్రులును, పండ్రెండవ వంతును ఉపాధ్యాయులును ఎన్నుకొందురు. మిగిలినవారిని గవర్నరు నియమించును. సాధారణ బిల్లును మండలి మొదట మూడు మాసములును, సభ మరల ఆమోదించి పంపినచో ఒక మాసమును ఆపగలదు. అంతకు మించి అడ్డుపడజాలదు. ద్రవ్య బిల్లు విషయమున దాని గడువు 14 దినములు మాత్రమే. అనగా మండలి బలము ఆజ్ఞలో లేదు, సలహాలో నున్నది. తొందరపడు సభకు మరల ఆలోచింపుమని చెప్పు పెద్దరికము దానిది. అధ్యక్షుడు మొదటి ఓటు వేయడు. ఇరుపక్షములు సమానమైనప్పుడే ఆయనకు ఓటు. ఆజ్ఞాపించక, నచ్చచెప్పి, వేచియుండి పని సాధించిన జీవితమునకు ఇంతకన్న తగిన పీఠము వేరే లేదు.

ఇట్టి సభ అవసరమా అను వాదము పిమ్మటను సాగినది. 1985లో మండలి రద్దయ్యెను. 2007లో మరల వచ్చెను. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు రెంటికిని మండలులు ఏర్పడెను. 2020లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రద్దు తీర్మానము చేసి 2021లో దానిని ఉపసంహరించుకొనెను. మండలి ఉండుటయా, ఊడుటయా అను ప్రశ్నకు సమాధానము అచ్చట కూర్చుండువారి తీరుపై ఆధారపడియుండును. ఆలోచనకై ఏర్పడిన సభ ఆలోచించినచో దాని ఉనికికి వేరు సాక్ష్యము అక్కరలేదు.

హనుమంతరావుగారు మండలి అధ్యక్షులుగా నున్న కాలముననే మన విషయమునకు సంబంధించిన ముఖ్య చట్టము వచ్చినది. ఆంధ్ర ప్రాంతమునకు 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయముల చట్టమును, తెలంగాణమునకు 1955 నాటి హైదరాబాదు చట్టమును వేరువేరుగా నుండెను. 1960లో ఆ రెంటిని కలిపి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము చేయబడెను. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఏర్పడెను. ఇంటిపన్నుపై గ్రంథాలయ సెస్సు విధింపబడెను. అది నేడు రూపాయికి 8 పైసలు. ఆ దినములలో శాసనసభకు స్పీకరుగా నుండినవారు అయ్యదేవర కాళేశ్వరరావుగారు. ఆయనయు నందిగామలో పుట్టినవారే, గ్రంథాలయోద్యమముతో సంబంధము గలవారే. ఒకే తాలూకాలో పుట్టి, పుస్తకముల విలువ ఎరిగిన ఇద్దరు పెద్దలు ఉభయసభలకు అధ్యక్షులుగా నున్నప్పుడు రాష్ట్రపు గ్రంథాలయ చట్టము ఆమోదము పొందుట తెలుగువారి అదృష్టము. 1901లో చందాపుస్తకము పట్టుకొని ఇంటింటికి తిరిగిన పని 1960 నాటికి పన్నుపుస్తకమున కెక్కెను. చందా దాత దయ. సెస్సు పౌరుని హక్కు. ఈ మార్పునకే ప్రజాస్వామ్యమని పేరు.

1970 నవంబరు 11న హనుమంతరావుగారు పరమపదించిరి. ఆయన జీవితమును గూర్చి చెప్పుటకు ఇంకను చాల కలదు. కాని రజతోత్సవ సభ స్మరణతో ముగియరాదు. కొంత లెక్క చూచుకొనవలయును.

మొదటి లెక్క సెస్సును గూర్చినది. గ్రామములలోను, పట్టణములలోను వసూలగు గ్రంథాలయ సెస్సు సకాలమున గ్రంథాలయ సంస్థలకు చేరుటలేదని పలుచోట్ల నుండి ఫిర్యాదు కలదు. ఇంటిపన్ను రశీదులో ఆ పద్దు కలదో లేదో ఎందరు చూచుచున్నారు? మనము చెల్లించిన పైసకు పుస్తకము రావలెనని పంచాయతీ సమావేశమున అడుగుట కలహము కాదు. వెట్టిపై ఉత్తరువును తెలుగున అచ్చువేసిన పంతులుగారు చేసినదియు ఇదియే: ఉన్న చట్టమును గుర్తుచేయుట.

రెండవ లెక్క భాషను గూర్చినది. 1966లో తెలుగు అధికార భాషయని చట్టము వచ్చినది. అయినను పల్లెకు వచ్చు ఉత్తరువులు, భూమి కాగితములు, బ్యాంకు పత్రములు నేటికిని అన్నియు రైతునకు అర్థమగు భాషలో లేవు. కచ్చేరి బీరువాలో ఉర్దూ కాగితము ఉన్ననాడు కలిగిన నష్టమే, నేడు చేతిలోని ఫోనులో ఆంగ్ల సందేశము ఉన్నప్పుడును కలుగుచున్నది. ఈ గ్రంథాలయము వారమున కొక సాయంకాలము అట్టి కాగితములను చదివి చెప్పుటకు కేటాయించినచో, హైస్కూలు విద్యార్థులే ఆ పని చేయగలరు. వృద్ధునకు పింఛను సంగతి తెలియును. పిల్లవానికి చదువు ఎందులకో తెలియును.

మూడవ లెక్క ఆడపిల్లలను గూర్చినది. గ్రంథాలయపు హాజరు పుస్తకమున స్త్రీల సంతకములెన్ని? సాయంకాలము చీకటిపడిన పిమ్మట తెరచు గ్రంథాలయమునకు ఏ తల్లి తన కుమార్తెను పంపును? వేళ మార్చుటకు ధనము అక్కరలేదు. మధ్యాహ్నము రెండు గంటలు వారికై తెరచినచో నారాయణగూడ పాఠశాల ఆదర్శము ఈ ఊరికిని వచ్చినట్లే.

ఈ మూడును పెద్ద పనులు కావు. హనుమంతరావుగారు చేసినవియు విడివిడిగా చూచిన పెద్ద పనులు కావు. ఒక సంఘపు చిట్టా వ్రాయుట, ఒక చిన్న పుస్తకము అచ్చువేయుట, ఒక విశ్వవిద్యాలయమునకు ఉత్తరము వ్రాయుట, ఒక ఇంటి పెద్దను ఒప్పించుట. అవి విడువక అర్ధశతాబ్దము చేయుటచే ఒక జాతికి భాష దక్కెను, బడి దక్కెను, తుదకు చట్టము దక్కెను. రేపు ఈ ఊరి నుండి శాసనసభకు ఎన్నిక కాగోరువారు మొదట ఈ గ్రంథాలయమున ఒక సంవత్సరము తాళపుచెవి మోసి చూచెదరుగాక. ఓట్లడుగ వచ్చినవానిని, రోడ్డుతోపాటు గ్రంథాలయమును గూర్చియు ప్రశ్నించు ఓటరులు ఈ ఊర పెరుగుదురుగాక.

ఈ రజతోత్సవము స్వర్ణోత్సవమునకు దారితీయునుగాక. స్వస్తి.